ఆదివారం చందువా, మంగళవారం నెత్తళ్లు

గత మే నెలలో హైదరాబాదు నుంచి విశాఖపట్నం వచ్చిన బావ, ఆ ఊళ్లోనే పాతికేళ్లుగా ఉంటున్న బావమరిది, రుషికొండకూ భీమిలికీ మధ్య సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రెస్టారెంటులో రెండుసార్లు కుటుంబాలతో భోంచేశారు. ఆదివారం రాత్రి భోజనం చెడింది, మంగళవారం మధ్యాహ్నం భోజనం కుదిరింది. ఆ చోటికి ఇంకొకరిని పంపవచ్చునా అన్నది వాదం. రెండు భోజనాలూ తిన్నవాణ్ణి, వాదమంతా విన్నవాణ్ణి కనుక, కోపంలో దొర్లిన మాటలు కొన్ని వదిలి తక్కినవి రాస్తున్నాను.

బావ: నేనైతే ఎవరినీ పంపను. బల్ల దొరకడానికి అరగంట, వంటకం రావడానికి మరో యాభై నిమిషాలు కాచుకున్నాం. తీరా వచ్చిన చందువా చేప పైన నల్లగా మాడి, ముల్లు దగ్గర పచ్చిగా ఉంది. రొయ్యలు నమిలితే రబ్బరులా సాగాయి. మెనూ మీద మాత్రం ‘ఈ ఉదయం సముద్రం నుంచి’ అని రంగుల్లో అచ్చువేశారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

బావమరిది: చేప బాగా లేదన్న మాట నేనూ కాదనను, బావగారూ. కాని మనం వెళ్లింది ఏ నెలలోనో చూడండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మరబోట్ల వేటను నిషేధిస్తారు. ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. పిల్లలకు సెలవులిచ్చి యాత్రికులు ఊరి మీద పడేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు పెద్ద చందువా, వంజరం కావాలంటే ఐసులో నిలవ ఉంచినదైనా ఉండాలి, పడమటి తీరం నుంచి లారీలో వచ్చినదైనా ఉండాలి. అక్కడ నిషేధం జూన్ 1న గాని మొదలు కాదు. ఇక రొయ్యలంటారా, హోటళ్లలో వడ్డించేవి ఏ కాలంలోనైనా ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ రకానివే.

బావ: నా అభియోగానికి నువ్వే సాక్ష్యం చెప్పావు. వేట లేదని ఆ యజమానికి తెలుసు. తెలిసీ ‘ఈ ఉదయం’ అన్నాడు. ఐసు చేప వండడం తప్పు కాదు, దాన్ని తాజా చేపగా అమ్మడం తప్పు. నిలవ చేప అని ముందే చెప్పి ఉంటే నేను కోడి పులావుతో సరిపెట్టుకునేవాణ్ణి. పైగా చేప ఎదుట ధర లేదు, ‘పరిమాణాన్ని బట్టి’ అని ఉంది. మనం అడిగినా తూచి చూపలేదు. ఆ బరువు తల, పొట్ట తీయకముందుదా, తీసిన తరువాతిదా అంటే, కనుక్కుని వస్తానని వెళ్లిన కుర్రవాడు బిల్లుతోనే తిరిగి వచ్చాడు.

(ఇక్కడ బావమరిదికి నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది.)

బావమరిది: తూచేదాకా చేప వండవద్దని పట్టుబట్టవలసింది మనమే. మంగళవారం నేను మెనూ తెరవలేదు; వంటమనిషిని పిలిపించి, పొద్దున ఒడ్డుకు ఏం వచ్చిందని అడిగాను. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు కనుక నెత్తళ్లనే చిన్న చేపలు వచ్చాయన్నాడు. పళ్లెంలో తెప్పించి, కళ్లు తేటగా ఉన్నాయో లేదో, పొట్టలు చితకకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాకే సగం వేపించి, సగం మామిడికాయ వేసి పులుసు పెట్టించాను. ఆ పులుసుతో మీరు రెండుసార్లు అన్నం కలుపుకున్నారు.

బావ: కలుపుకున్నాను, ఒప్పుకుంటాను. అంత మంచి పులుసు ఈ మధ్య తినలేదు. కాని అది రెస్టారెంటు గొప్పా, నీ గొప్పా? వంటమనిషితో అతని యాసలోనే మాట్లాడావు కనుక అతను నిజం చెప్పాడు. కోల్‌కతా నుంచో రాయపూర్ నుంచో వచ్చినవాడికి ఆ చనువు ఎక్కడిది? అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. నాకు ఆదివారం మెతుకు చాలు.

బావమరిది: ఆ సామెత ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికిన అన్నానికి వర్తిస్తుంది. ఆదివారం రాత్రి బల్లలన్నీ నిండి, బయట మరో వరుస నిలబడి, అందరూ ఒక్కసారే తందూరీ చేప అడిగితే, చేప లోపల ఉడకకముందే పైమంటకు మాడుతుంది. మంగళవారం అక్కడ మన బల్ల కాక మరో మూడు బల్లలే ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కోపగించుకోనంటే ఇంకొక మాట: ఎదుట సముద్రాన్ని పెట్టుకుని మన పిల్లలు అడిగినది అపోలో ఫిష్, మీ హైదరాబాదు వంటకం. పక్క బల్లవారు నూడుల్స్, అవతలివారు బొంగులో చికెన్ అడిగారు. అరకులో ఆ చికెన్ వెదురు బొంగులోనే, నిప్పుల మీద ఉడుకుతుంది. ఇక్కడ మామూలు కూరను వెదురు ముక్కలో పోసి తెస్తారు. అడిగేవారు ఉన్నారు కనుకనే మెనూ అంత పొడుగైంది.

బావ: సరే, పిల్లల తప్పు పిల్లలది. బిల్లు ఎవరి తప్పు? తిన్నదానికి 4,200 రూపాయలు. దాని మీద అడగకుండా పది శాతం సర్వీసు చార్జీ, 420. ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ, 231. వెరసి 4,851. ఇవ్వని బక్షీసుకు పన్ను కూడా కట్టాను! సర్వీసు చార్జీని బిల్లులో దానంతట అది కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

బావమరిది: అక్కడ వారిని వెనకేసుకురాను. తీసేయమంటే తీసేసేవారు, లేదా 1915కు ఫోన్ చేయవలసింది. కాని ధరలు ఎక్కువన్న మాటకు మాత్రం జవాబుంది. ఆ ఒడ్డున అద్దె ఎక్కువ. ఉప్పుగాలికి ఫ్రిజ్జులు, పొయ్యిలు, కుర్చీల కాళ్లు తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని ఏం చేసిందో మీరు టీవీలో చూశారు, మేము ఇంట్లో ఉండి చూశాం. ఈ భారమంతా చేప ధరలోనే కలుస్తుంది.

బావ: తుప్పు ఖర్చు ఇస్తాను, మాడిన చేపకు ఇవ్వను. సముద్రాన్ని చూడడానికే అయితే ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని మరమరాల మురీ మిక్స్చర్ తింటూ చూస్తాను; అక్కడ నిమ్మకాయ నా కళ్ల ముందే పిండుతారు. అది సరే, డిసెంబరులో మా ఆఫీసు మిత్రుడు కుటుంబంతో వస్తానంటున్నాడు. ఏం చెప్పమంటావు?

బావమరిది: ఆదివారం వద్దని, మధ్యాహ్నం వెళ్లమని, మెనూ తెరవకుండా వంటమనిషిని పిలవమని, చేప మొప్పలు ఎత్తి ఎర్రగా ఉన్నాయేమో చూసి, తూయించి, ధర ఒప్పుకున్నాకే వండమనాలని చెప్పండి. డిసెంబరులో బోట్లు తిరుగుతుంటాయి.

బావ: భోజనానికి వెళ్లేవాడికి ఇంత పాఠం చెప్పాలా? అతనికి నీ ఫోన్ నంబరు ఇస్తాను, నువ్వు వెంట వెళ్లు.