ప్రాసెసర్‌కు వేడి చేసింది

మనిషికి వేడి చేస్తే ఏం చేయాలో మన దగ్గర పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మామిడిపండ్లు బంద్. కంప్యూటర్‌కు వేడి చేస్తే ఏమిటన్నది మాత్రం మన వైద్యం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఆ లోటు మొన్న మే నెలలో హనుమకొండలో, మా ఇంటి మేడమీది గదిలో తీరింది.

రోగి వయసు ఆరేళ్లు. ఎక్సెల్ ఫైలు తెరిస్తే చాలు, లోపలి ఫ్యాను ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసుకొస్తున్న లారీలా మూలిగేది. పది నిమిషాలకు మౌసు నత్తనడక, పావుగంటకు తెర నల్లన. విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర, బయోస్‌లో చూస్తే 96 డిగ్రీలు. 100 దగ్గరికొస్తే కంప్యూటర్‌కు మెదడులాంటి ఈ ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే మొత్తానికే ఆరిపోతుంది. మిట్టమధ్యాహ్నం పని బందు పెట్టి నీడకు కూర్చోవాలన్న తెలివి మా ఇంట్లో దానికొక్కదానికే ఉందని అప్పుడు తెలిసింది.

వెంటనే వైద్యమండలి సమావేశమైంది. "పక్క రేకు పీకెయ్ బావా, గాలాడుతది" అన్నాడు బావమరిది. పీకాను. మరింత దుమ్ము ఆడింది. రిటైరైన పక్కింటి సార్ అద్దాలు సవరించుకుని, "ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోతదట. ఇంట్ల టూత్‌పేస్టు ఉన్నది గదా, రాయి. పేస్టంటె పేస్టే" అని తీర్పిచ్చారు. రాస్తే ఒకటి రెండు రోజులు చల్లగానే ఉంటుందట, తర్వాత సున్నంలా ఎండి పెళుసవుతుంది. బాపు మాట పెగల్చలేదు. హాల్లోని కూలర్‌ను నెట్టుకొచ్చి కంప్యూటర్ ముందు నిలబెట్టాడు. ఆ తడిగాలి సర్క్యూట్లకు మంచిది కాదని చెప్పబోతే, "మనుషులకు పనికొచ్చేది దానికి పనికిరాదా?" అన్నాడు. అమ్మ ఒక గిలాసెడు సల్ల తెచ్చి క్యాబినెట్ పక్కన పెట్టి, దానికి దిష్టి తగిలిందని తేల్చింది. సల్ల నేనే తాగిన.

రిపేరు దుకాణం పిల్లగాడు డబ్బా తెరవకుండానే "బోర్డు పోయింది సార్, మొత్తం మార్చాలె" అన్నాడు. దిష్టి మాటే కొంత నయమనిపించింది.

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. సింగరేణి బొగ్గు కాల్చి, నీళ్లను ఆవిరి చేసి కరెంటు తీస్తారు. ఆ కరెంటు తీగలమీద వచ్చి నా ప్రాసెసర్లో దూరుతుంది. అది తాగిన కరెంటు దాదాపు మొత్తం మళ్లీ వేడే అవుతుంది. అంటే బొగ్గు మంటను ఇన్ని కిలోమీటర్లు మోసుకొచ్చి నా బల్ల మీద పోస్తున్నారు. పోసిందాన్ని దించడానికి బాపు కూలర్‌కు మళ్లీ అదే కరెంటు.

చివరికి ఆదివారం పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ప్లగ్గు పీకి, నాలుగు పిన్నులు తిప్పి, అటూ ఇటూ మెల్లగా కదిపితే ఫ్యానూ, దాని కింద ప్రాసెసర్ వేడిని లాగే అల్యూమినియం రెక్కల దిమ్మ హీట్‌సింకూ కలిసి లేచొచ్చాయి. ఫ్యానుకూ ఆ హీట్‌సింకు రెక్కలకూ నడుమ దూదీ దుమ్మూ కలిసి మందంగా పట్టేసింది. గోటితో అంచు లేపితే చెక్కుచెదరకుండా ఒకే ముక్కగా ఊడొచ్చింది, అచ్చం గొంగడి ముక్క. మడతలో ఎండిన బల్లిగుడ్డు పెంకు. ఓరుగల్లు ఎండల్లో, మే నెలలో, గొంగడి కప్పుకుని లెక్కలు చేస్తున్న జీవిని పట్టుకుని మేము దిష్టి అంటున్నాం!

మిగతాది గంట పని. ఫ్యాను గిరగిర తిరగకుండా వేలు అడ్డం పెట్టి బ్రష్షుతో దులిపాను. పెంకు కట్టిన పాత పేస్టును స్పిరిట్ గుడ్డతో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టాను. "గింతేనా? పప్పుల నెయ్యి గిట్లనే పోస్తవా?" అని బావమరిది వెక్కిరించాడు. రెండు లోహాల మధ్య కంటికి కనపడని సందుల్లోని గాలిని తరమడానికే ఆ పేస్టు. ఎక్కువ పూస్తే అదే అడ్డం.

గదిలో 41 ఉంటే ప్రాసెసర్ ఇప్పుడు 63. ఆ 41 కిందికి ఏ ఫ్యానూ దాన్ని దించలేదు, అది సూర్యుడితో మాట్లాడుకోవాల్సిన సంగతి. బాపు మాత్రం కూలర్‌ను హాల్లోకి తిరిగి తేలేదు, "మళ్ల వేడి చేస్తదేమో" అని.

నిన్న అమ్మ ఫోన్లో మా పెద్దమ్మతో అంటోంది: "గిలాసెడు సల్ల పెట్టిన అక్కా, గడియల తగ్గింది."