ఫిబ్రవరి 30న కూడా 60 డిగ్రీలే

పెద్ద భవనాల్లో పంపు రూము తలుపు వెనక మేకుకు ఒక రిజిస్టరు వేలాడుతూ ఉంటుంది. హోటల్ కావచ్చు, ఆఫీసు కావచ్చు, ఆసుపత్రే కావచ్చు, రిజిస్టరు మాత్రం అదే. తేదీ, సమయం, వేడినీళ్ల ఉష్ణోగ్రత, సంతకం అని నాలుగు గళ్లు. నిద్ర పట్టనివాళ్లెవరైనా ఉంటే దాన్ని తెచ్చుకుని చదవమని నా సలహా. ఒకటో తేదీ 60. రెండో తేదీ 60. మూడో తేదీ 60. ఎండాకాలం 60, చలికాలం 60, బాయిలర్ విప్పి రిపేరుకు పంపిన వారంలో కూడా చెక్కుచెదరని 60. ఈ మధ్య నా కంట పడిన ఒకదాంట్లో ప్రతి నెలకూ 31 వరసలు అచ్చేసి ఉన్నాయి, కాబట్టి ఫిబ్రవరి 30, 31 తేదీల్లో కూడా నీళ్లు 60 డిగ్రీల దగ్గరే నిలబడ్డాయి. క్యాలెండరుకే తెలియని ఆ రెండు రోజులు డ్యూటీకి వచ్చి, రీడింగ్ తీసి, సంతకం పెట్టి వెళ్లిన మహానుభావుడికి ఓవర్‌టైమ్ ఇచ్చారో లేదో!

సంతకాలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఊపు. పక్కన షెల్ఫులో థర్మామీటరు ఉంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఎంతో భద్రంగా కాపాడుకుంటున్నారు.

దీన్ని కాకి లెక్క అని తీసిపారేసేవాళ్లుంటారు. నేనొప్పుకోను. కాకైనా అప్పుడప్పుడూ లెక్క మారుస్తుంది.

అసలా 60 ఎక్కడి నుంచి వచ్చిందో రాసేవాడికి ఎవరూ చెప్పి ఉండరు, పాపం. లెజియోనెల్లా అని ఒక బాక్టీరియా ఉంది. చెరువుల్లో, వాగుల్లో కొద్దికొద్దిగా ఉంటుంది, అక్కడున్నంత కాలం దాంతో మనకు పెద్దగా పేచీ లేదు. పైపుల్లో పడి భవనంలోకి వచ్చాకే దానికి మంచిరోజులు మొదలవుతాయి. 25 నుంచి 45 డిగ్రీల దాకా గోరువెచ్చటి నీళ్లు, ఆ నీళ్లు కదలకుండా నిలవుండే మూల, పైపు లోపలి గోడకు పట్టిన జిగురు పాకుడు, కాస్త తుప్పు, కాస్త సున్నపు పొర దొరికితే చాలు. ఆ పాకుడులో తిరిగే అమీబాలు దాన్ని మింగుతాయి. మింగడం వరకే, అరిగించుకోలేవు. అది వాటి లోపలే వందలుగా పెరిగి బయటికొస్తుంది, లోపల దాక్కున్నంతసేపు క్లోరిన్ కూడా దాన్ని సరిగ్గా అందుకోలేదు. అందుకే ట్యాంకులో నీళ్లు 60 ఉండాలి, కుళాయి దాకా వచ్చేసరికి 50కి తగ్గకూడదు, చన్నీళ్లు 20 దాటకూడదు అంటారు. చన్నీళ్లు ఎలాగూ 20 దాటిపోయే వేడి ప్రాంతాల్లో భారమంతా క్లోరిన్ మీదే పడుతుంది, అంటే క్లోరిన్ రీడింగ్ అయినా నిజం రాయాలి. (60 డిగ్రీల నీళ్లు మీద పడితే ఒళ్లు కాలుతుంది కదా అనేవాళ్ల కోసం: కాలుతుంది, అందుకే కుళాయి దగ్గర చన్నీళ్లు కలిపే వాల్వు పెడతారు. దానికోసం ట్యాంకునే చల్లార్చక్కర్లేదు.)

కానీ కరెంటు ఆదా పేరుతో ట్యాంకును 45కి దించేసి, మీటింగులో గ్రాఫు చూపించి చప్పట్లు కొట్టించుకునే మేధావి ప్రతి భవనంలోనూ ఒకడుంటాడు. బాక్టీరియాకు చేతుల్లేవు గానీ, ఉంటే మొదటి చప్పట్లు వాటివే.

ఇంకో చిక్కు ఏంటంటే ఈ బాక్టీరియా తెచ్చేది సాధారణంగా తాగితే వచ్చే రోగం కాదు, పీలిస్తే వచ్చేది. షవరు తుంపర, ఫౌంటెన్ తుంపర, పైకప్పు మీద ఏసీ కూలింగ్ టవర్ నుంచి లేచే తుంపర. అందులో కంటికి కనపడనంత చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు న్యుమోనియా. జబ్బుపడ్డ ప్రతి పది మందిలో ఒకరు పోతారు, అదే ఆసుపత్రిలో ఉండగా అంటుకుంటే నలుగురిలో ఒకరు. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పూల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన ఒక వర్ల్‌పూల్ తొట్టి నీళ్లు చిమ్ముతూ ఉంది. దాంట్లో ఎవరూ స్నానం చెయ్యలేదు. పూలు చూడ్డానికొచ్చి పక్కనుంచి నడిచి వెళ్లారు, అంతే. 30 మంది దాకా చనిపోయారు.

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని బెల్‌వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశమైంది. యుద్ధాల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు హోటల్ నుంచి తిరిగి వెళ్లి చచ్చిపోయారు. హోటల్ చుట్టుపక్కల తిరిగినవాళ్లతో కలిపి మొత్తం 34 మంది. ఏం చంపిందో తేలడానికి 1977 జనవరి దాకా పట్టింది, ఆ సైనికుల సంఘం పేరే బాక్టీరియాకు పెట్టారు. ఆనాటి హోటల్ వాళ్లకు "మాకేం తెలుసండీ" అనే హక్కు ఉంది. ఈ మాట ఇవాళ చెప్పేవాళ్లకు లేదు.

సరే, మన భవనాల వాళ్లకు ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చూడాలి, రెండు కళ్లూ చాలవు.

ల్యాబ్ వాళ్లు ఫలానా రోజు శాంపిల్ తీసుకుంటామని రెండు వారాల ముందే మెయిల్ పెడతారు. ముందురోజు సాయంత్రం మేనేజరు టెక్నీషియన్‌ను పిలుస్తాడు.

"రేపు ల్యాబ్ వాళ్లొస్తున్నారు. రాత్రికి ట్యాంకులో క్లోరిన్ కాస్త ఎక్కువ వెయ్యి."

"ఎంత సార్?"

"ఎక్కువే అన్నాను కదా!"

తెల్లారేసరికి భవనమంతా ఈతకొలను వాసన. పొద్దున్నుంచి కుళాయిలన్నీ బార్లా తెరిచి వదిలారు, ఏడాదిలో ఇంకే రోజూ అన్ని నీళ్లు పారవు. శాంపిల్ తీయబోయే షవరుకు కొత్త హెడ్ బిగించారు, దానికి బార్‌కోడ్ స్టిక్కరు ఇంకా ఉంది. ల్యాబ్ కుర్రాడు వచ్చాడు, లీటరు బాటిల్ తీశాడు. ఆ బాటిల్లో అడుగున కాస్త థయోసల్ఫేట్ ఉంటుంది. నీళ్లలో ఉన్న క్లోరిన్‌ను అక్కడికక్కడ విరిచేయడానికి వేస్తారది, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు దారిలోనే బాక్టీరియా చచ్చి, లేని శుభ్రత ఉన్నట్టు తేలుతుంది. మన టెక్నీషియన్ శుభ్రమైన మనిషి. "బాటిల్లో ఏదో తెల్లగా ఉంది సార్" అని, కుర్రాడు అటు తిరిగేలోపు దాన్ని మూడుసార్లు కడిగి, దులిపి, తళతళలాడించి చేతికిచ్చాడు. కుర్రాడు తలపట్టుకుని ఇంకో బాటిల్ తీశాడు.

"నాలుగో అంతస్తులో చివరి గది షవరు చూపించండి సార్" అన్నాడు. కుర్రాడికి పని తెలుసు. ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది, వారాల తరబడి ఎవరూ తిప్పనిది, పైపు చివర నీళ్లు నిలవుండిపోయేది, అసలు వెతకాల్సింది అక్కడే.

"దానికి తాళం వేసి ఉంది."

"తీయండి సార్."

"తాళంచెవి ఉన్నతను సెలవులో ఉన్నాడు. నీళ్లు నీళ్లే కదా బాబూ, ఇదిగో, పంపు రూము పక్క కుళాయిలో పట్టుకో. ఫ్రెష్‌గా వస్తాయి."

రాక ఏం చేస్తాయి? రోజంతా తిరిగే కుళాయి అది. పోనీ అక్కడైనా తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు పట్టుకోవాలి, కుళాయి లోపలేముందో చెప్పేవి అవే కాబట్టి. కుర్రాడు బాటిల్ పెట్టబోతే మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగాగు, అయిదు నిమిషాలు వదిలెయ్. మురికంతా పోయి మంచి నీళ్లొస్తాయి." ఆ రోజు మొత్తానికి ఆయన నోటి నుంచి వచ్చిన సాంకేతిక సత్యం ఇదొక్కటే.

ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూసి (దాన్నే కల్చర్ అంటారు) ఫలితం చెప్పడానికి పది రోజుల దాకా పడుతుంది. ఈలోగా నాలుగో అంతస్తు చివరి గది ఎవరికో ఇస్తారు, వాళ్లు హాయిగా షవరు కింద నిలబడతారు. రిపోర్టు నెగెటివ్ వస్తే లామినేషన్ చేయించి రిసెప్షన్‌లో తగిలిస్తారు. పొరపాటున పాజిటివ్ వచ్చిందనుకోండి, ల్యాబ్‌దే తప్పు. మళ్లీ తీయండి. మళ్లీ వచ్చిందా, ఆ ల్యాబ్ మంచిది కాదు, ఇంకో ల్యాబ్‌ను పిలవండి. ఓడిన అభ్యర్థి గెలిచేదాకా రీకౌంటింగ్ అడిగినట్టు నెగెటివ్ వచ్చేవరకు శాంపిల్స్ తీసి, ఆ ఆఖరిది మాత్రం ఫైల్లో పెడతారు. పైపుల జోలికి మాత్రం ఎవరూ పోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీని మీద ఒక పుస్తకమే వేసింది, అమెరికాలో 2015లో ఆష్రే 188 అని ఒక ప్రమాణమే పెట్టారు. అన్నీ చెప్పేది ఒకటే: రోజూ చేసే పని ఒకటుంది, అది సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి ల్యాబ్ పరీక్ష. ఉష్ణోగ్రత, క్లోరిన్ నిజంగా కొలవడం, వాడని కుళాయిలను కనీసం వారానికోసారి తిప్పి వదలడం, ఎక్కడికీ పోని పాత పైపు ముక్కల్ని కోసి తీసేయడం, షవర్ హెడ్లు విప్పి కడగడం. మంత్రాలేం కావు. వీటికి నీళ్లొదిలేసి పరీక్ష ఒక్కటీ చేయిస్తే, ఒక మూల ఒక లీటరులో ఆ ఒక్క రోజు దొరకలేదని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలీదు.

2020లో కోవిడ్ వల్ల ఆఫీసులు నెలల తరబడి మూతపడి పైపుల్లో నీళ్లు నిలవుండిపోయాయి. ఆ ఆగస్టులో అట్లాంటాలో అద్దెకు తీసుకున్న కొన్ని ఆఫీసు భవనాల్లో లెజియోనెల్లా దొరికిందని ఒక సంస్థ వాటిని మూసేసింది. ఆ సంస్థ పేరు సీడీసీ, అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ. అవును, 1977లో ఈ బాక్టీరియాను కనిపెట్టింది ఎవరో వాళ్లే. నలుగురూ నవ్వారు. నాకు మాత్రం వాళ్ల మీద గౌరవం పెరిగింది. వెతికారు, దొరికింది, దొరికిందని బయటికి చెప్పారు, తలుపులు మూశారు. మన మేనేజరు అయితే ఆ కుళాయికి ముందే తాళం వేయించి ఉండేవాడు.

"బాధ్యత ఎవరిది సార్" అని అడిగి చూడండి ఎక్కడైనా. టెక్నీషియన్ కాంట్రాక్టర్‌ను చూపిస్తాడు, కాంట్రాక్టర్ అగ్రిమెంటు చూపిస్తాడు, అగ్రిమెంటులో నీళ్ల శుద్ధి మాటే ఉండదు, తిలాపాపం తలా పిడికెడు. 2002లో ఇంగ్లండ్‌లోని బారో-ఇన్-ఫర్నెస్‌లో స్థానిక కౌన్సిల్ నడిపే కళాకేంద్రం కూలింగ్ టవర్ నుంచి పక్క సందులోకి తుంపర వదిలింది. ఆ సందులో నడిచినవాళ్లు జబ్బుపడ్డారు. ఏడుగురు పోయారు. విచారణలో తేలిందేంటంటే ఎవరు ఏం చూసుకోవాలో సరిగ్గా తెలియదు, ఇచ్చిన సలహాలు పట్టించుకోలేదు, కాంట్రాక్టర్ల మీద అజమాయిషీ లేదు. కౌన్సిల్‌కు పడిన జరిమానా 1,25,000 పౌండ్లు. ఏడు ప్రాణాలకు దాన్ని భాగించి చూసుకోండి, నాకైతే చెయ్యి రాలేదు.

ఇక ఉత్తర ఐర్లాండ్. 2011 డిసెంబరు, 2012 జనవరి. అప్పుడే పుట్టిన పసిగుడ్లను ఉంచే వార్డుల్లో సూడోమోనాస్ అనే ఇంకో బాక్టీరియా సోకి నలుగురు బిడ్డలు చనిపోయారు. అది కుళాయిల్లో దొరికింది. చెయ్యి తగలక్కర్లేకుండా, శుభ్రత కోసమని పెట్టిన సెన్సర్ కుళాయిల లోపలి భాగాల్లో. తర్వాత పీకేసి మార్చారు. ఇంక్యుబేటర్లో పడుకున్న బిడ్డ షవరు కింద నిలబడదు, కూలింగ్ టవర్ పక్కన నడవదు, దాన్ని కాపాడాల్సిన చేతులు కడుక్కునే నీళ్లే దాన్ని చంపాయంటే ఏమనాలి? అప్పట్లో ఆ కుళాయిల సంగతి పూర్తిగా తెలియదన్నారు, సరే. ఇప్పుడు తెలుసు కదా! తెలిసిన తర్వాత కూడా వార్డు పక్కన పంపు రూములో కూర్చుని చూడని ఉష్ణోగ్రతను చూసినట్టు రాసేవాణ్ణి, రాయించేవాణ్ణి, అది అబద్ధమని తెలిసీ పక్కన "పరిశీలించాను" అని పచ్చ ఇంకుతో సంతకం గిలికే పెద్దమనిషిని, బద్ధకస్తులని సరిపెట్టుకోవడం నావల్ల కాదు. బద్ధకానికి ఇంత రాతపని ఉండదు. కూర్చుని నెలంతా అబద్ధం రాయడానికి పట్టే టైములో సగం చాలదా, లేచి వెళ్లి థర్మామీటరు కవరు చింపడానికి?

ఎప్పుడైనా రిసెప్షన్‌లో ఆ లామినేషన్ రిపోర్టు కనిపిస్తే ఆగి అడగండి. ఏ కుళాయిలో పట్టారు? ముందు ఎంతసేపు వదిలారు? క్లోరిన్ వేసి ఎన్ని గంటలైంది? దీనికి ముందు వచ్చిన రిపోర్టు ఏది? అప్పుడు ఎదుటివాళ్లు నమిలే నీళ్లకు మాత్రం ల్యాబ్ పరీక్ష అక్కర్లేదు.