డెల్ఫీనియం గారికి ఐసు పెట్టండి

విజయవాడలో పటమట వైపు ఒక అపార్టుమెంటు సంక్షేమ సంఘం వారు మొన్న వేసవిలో సూర్యుడితో గొడవ పెట్టుకున్నారు. ఉత్త నోటి గొడవ కాదు. సర్వసభ్య సమావేశం, తీర్మానం, కోశాధికారి సంతకం, మినిట్స్ బుక్కులో నమోదు, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ప్రహరీ గోడ పొడుగునా నిలువెత్తు పూలమొక్కల వరస ఉండాలి, అది అచ్చం ఇంగ్లండు పల్లెటూరి బంగళా ముందున్నట్టే ఉండాలి, ఏటేటా కొనే పని లేకుండా బహువార్షికాలే వేయాలి. సూర్యుడి అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆయన మెయింటెనెన్సు కట్టడు కదా.

ప్రెసిడెంటు గారి ఫోన్లో ఒక ఫొటో ఉంది. అందులో నీలం పూల కంకులు ధ్వజస్తంభాల్లా నిలబడి ఉన్నాయి. ఆ ఫొటో ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగింది. వాటి పేర్లు డెల్ఫీనియం, ఫాక్స్‌గ్లోవ్, లూపిన్. మూడూ చల్లటి చోట పుట్టి పెరిగినవే. డెల్ఫీనియం చలికాలమంతా మట్టిలో ముడుచుకుని పడుకుంటుంది, వసంతంలో లేచి ఆరడుగులు పెరుగుతుంది. అలా పడుకోవడానికి దానికి నిజమైన చలి కావాలి. మన ఊళ్లో డిసెంబరు రాత్రి పదిహేను డిగ్రీల కిందికి దిగడమే గగనం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మనకు సామెత కాదు, వాతావరణ సూచన. ఇక ఫాక్స్‌గ్లోవ్ అయితే ఇంగ్లండులోనే మామూలుగా రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకులేస్తుంది, రెండో ఏడు పూసి, గింజ రాల్చి వెళ్లిపోతుంది. ఈ ముక్క చెప్పబోయిన రిటైర్డు బోటనీ లెక్చరరు గారిని "మాస్టారూ, ప్రతిదానికీ నెగెటివ్‌గా మాట్లాడకండి" అని కూర్చోబెట్టేశారు.

గోడ వెంట గన్నేరు వేద్దామని ఎవరో అంటే, "అమ్మో, విషం! పిల్లలు తిరిగే చోటు" అని సభ ముక్తకంఠంతో కొట్టిపారేసింది. గన్నేరు విషమే, కాదనను. కానీ డెల్ఫీనియమూ నిలువెల్లా విషమే. ఫాక్స్‌గ్లోవ్ జాతి నుంచే గుండెజబ్బు మందు డిగాక్సిన్ తీస్తారు, మోతాదు మించితే అదే గుండెను ఆపుతుంది. అయినా అది ఇంగ్లీషు విషం, పర్లేదు.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి ప్రశ్న. కడియం నర్సరీల్లో అడిగితే "మన ఎండకి ఆగవండీ" అన్నారట. వ్యాపారం చేతకాని మనుషులు! హైవే పక్కన ఇంకో ఆయన మాత్రం "ఊటీ నుంచి తెప్పిస్తా సార్, మొండిజాతి సార్, ఏం కాదు సార్" అన్నాడు. ఒక్కో సార్‌కీ మొక్క ధర కొంచెం పెరిగింది.

ఏప్రిల్ మొదటి వారంలోనే డెల్ఫీనియంలు తల వాల్చేశాయి. అత్యవసర సమావేశం పెట్టారు. చలి లేదు గనక చలి తెప్పించాలని ఒక ఇంజినీరు గారు శాస్త్రీయంగా ప్రతిపాదించారు. మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి ఆటోలో ఐసు దిమ్మలు దిగేవి. చౌకగా వస్తుందని చేపల మార్కెట్టుకి ఐసు పోసేవాడి దగ్గరే మాట్లాడారు. దిమ్మను గోనెపట్టాలో చుట్టి సుత్తితో కొట్టి, ముక్కలు మొదళ్ల చుట్టూ పేర్చేవారు. పైన గ్రీన్ నెట్టు, దాని మీద పెళ్లి షామియానా. సెక్రటరీ గారు థర్మామీటరు పట్టుకుని గంటగంటకీ వాట్సప్‌లో బులెటిన్ ఇచ్చేవారు: "వేరు దగ్గర పరిస్థితి నిలకడగా ఉంది." ఐసు కరిగిన నీటి వాసనకి పటమట పిల్లులన్నీ గేటు దగ్గర చేరాయి. పిల్లుల్ని తోలడానికి ఒక సబ్‌కమిటీ వేశారు. మే నెల వచ్చేసరికి సబ్‌కమిటీ ఉంది, పిల్లులు ఉన్నాయి, డెల్ఫీనియంలు లేవు.

ఇంతకీ ఆ గోడ కింద ముందు ఏముండేదో చెప్పలేదు. మెట్టతామర. బట్టలుతికిన నీళ్లు పారే చోట ఎర్రగా, పసుప్పచ్చగా మనిషెత్తు పెరిగి, ఎండ ముదిరేకొద్దీ పూసేది. పూసిన కాడను మొదలంటా కోసేస్తే పక్కనుంచి కొత్త పిలక లేస్తుంది. రెండు మూడేళ్లకోసారి దుబ్బు తవ్వి, మొలక కన్నున్న దుంప ముక్క ఎవరికిచ్చినా బతుకుతుంది, పైసా ఖర్చు లేదు. వాడిన నీటిని శుభ్రం చేయడానికి కట్టే మడుగుల్లో దీన్ని పనిగట్టుకుని నాటుతారు. ఇది స్వదేశీ ఉద్యమం కాదు లెండి, మెట్టతామర కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. కాకపోతే వచ్చాక ఐసు అడగలేదు.

ఇంగ్లండు పూలవరసలకు పెద్దదిక్కు జెర్ట్రూడ్ జీకిల్ (1843-1932). సర్రేలో ఆవిడ ఇంటి దగ్గర వరస 200 అడుగుల పొడుగు, 14 అడుగుల వెడల్పు. ఆ వరసలో ఎర్రరంగు మండే చోటికి ఆవిడ ఏరి కోరి పెట్టుకున్నవాటిలో మెట్టతామర ఉంది. మంచు పడితే చచ్చిపోతుందని అక్కడ దాని దుంపల్ని తవ్వి, చలికాలమంతా లోపల దాచి, మళ్లీ నాటుకోవాలి. ఆవిడ అంత తంటాలు పడి పెంచిన మొక్కను, ఆవిడ తోటలా ఉండాలనే మనవాళ్లు పలుగు పెట్టి పీకి, చెత్త ట్రాక్టరెక్కించారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. జూన్‌లో పెట్టిన సమావేశంలో నష్టానికి బాధ్యులెవరన్న చర్చ వచ్చింది. మొక్క ఎంచుకున్న ప్రెసిడెంటు కాదట. మొండిజాతని అంటగట్టినవాడు కాదట. ఐసు పేర్పించిన ఇంజినీరూ కాదట. తోటపని చేసే మనిషి "సరిగ్గా చూసుకోలేదు" అట! నలభై అయిదు డిగ్రీల ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని ఐసు మోసినవాడు. అతని భార్య ట్యాంకరు దగ్గర రెండు బిందెల కోసం నిలబడితే, ఆ ట్యాంకరు నీళ్లే లూపిన్లకి పోయించారు అతని చేత. మొదటి రోజే "ఇవి ఉండవు సార్" అన్నాడు. అన్నందుకు తిట్లు తిన్నాడు. అయినా అతని జీతంలో రెండు వేలు కోశారు. సిగ్గుందా మీకు? చదువుకున్నవాళ్లు, కారుకి కవరేసుకునేవాళ్లు, పచ్చదనం గురించి స్టేటస్సులు పెట్టేవాళ్లు, సూర్యుడి మీద కోపం ఆ మనిషి జీతం మీద తీర్చుకుంటారా?

ఈ ఏడు లావెండరు వేస్తారట. వేసుకోండి. ముందు ఆ రెండు వేలు అతనికి ఇచ్చేయండి.