తగ్గించింది సోంపు నీళ్లా, గడిచిన రోజులా?

సాయంత్రమయ్యేసరికి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. ముఖం కందిపోతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి, కాళ్లు పొట్టకేసి ముడుచుకుంటుంది. పాలిచ్చినా, భుజాన వేసుకుని తిప్పినా ఆగదు. జబ్బేదీ లేకున్నా ఇలా ఆగకుండా వచ్చే పసిపిల్లల ఏడుపునే కోలిక్ అంటారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా ‘కాస్త సోంపు నీళ్లు పట్టి చూడండి’ అంటే వద్దనడం కష్టం.

ఆ సలహాను వట్టి నమ్మకమని కొట్టిపారేయలేం కూడా. 1993లో 68 మంది పసిపిల్లలపై జరిగిన పరీక్షలో సోంపు, చమోమైల్ అనే మూలిక, అతిమధురం వంటివి కలిపిన టీ తాగినవారిలో 57 శాతం మందికి కోలిక్ తగ్గింది. 2003లో సోంపు గింజల నూనెతో చేసిన మరో పరీక్షలో 65 శాతం మందికి తగ్గింది. నాకు మాత్రం అవతలి గుంపు మీదే ఆసక్తి. మూలికలేవీ లేని ఉత్తుత్తి మందు తాగినవారిలోనూ దాదాపు నాలుగో వంతు మందికి నయమైంది!

కోలిక్ నడక తెలిస్తే ఇందులో వింతేమీ ఉండదు. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే పోతుంది. ఏడుపు బాగా ముదిరినప్పుడే మనం మందు వెతుక్కుంటాం. ఆ తర్వాత ఏం పట్టినా తగ్గినట్టే కనిపిస్తుంది. మంచి పేరేమో చివర పట్టినదానికి వస్తుంది.

గ్రైప్ వాటర్ సంగతీ చూడండి. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన ఆ మందులో సోయకూర (డిల్) గింజల నూనె, వంటసోడా, చక్కెరతో పాటు ఆల్కహాల్ కూడా ఉండేది. బిడ్డ ఊరుకున్నది సోయకూర గింజల వల్లో, మత్తు వల్లో ఎవరు చెప్పగలరు? బ్రిటన్‌లో ఆ ఆల్కహాల్ పోవడానికి 1990ల దాకా పట్టింది.

మోతాదు ఇంకో తలనొప్పి. ఆ 1993 పరీక్షలో ఒక్కో విడతకు 150 మిల్లీలీటర్ల వరకు, రోజుకు మూడు సార్ల దాకా టీ ఇచ్చారు. నాలుగు కిలోల బిడ్డ రోజంతా తాగే పాలు సుమారు 600 మిల్లీలీటర్లు. అంత చిన్న పొట్టలోకి 450 మిల్లీలీటర్ల టీ వెళ్తే పాలకు చోటెక్కడ? ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఊరికే కాదు.

కొన్నిటి జోలికి అసలు పోకూడదు. అనాస పువ్వునే తీసుకోండి. వంటల్లో వాడే చైనా రకానికి, విషపూరితమైన జపాన్ రకానికి చూపులో తేడా పట్టుకోవడం కష్టం. అనాస పువ్వు టీ తాగిన పసివాళ్లకు ఫిట్స్ వచ్చాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో హెచ్చరించింది. అదే సంస్థ వసను ఆహారంలో వాడకూడదని 1968లోనే నిషేధించింది. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇస్తే బోటులిజం అనే ప్రమాదకరమైన విషబాధ భయం.

ఏడుపుతో పాటు మలంలో రక్తం పడినా, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా అది కోలిక్ అనుకుని ఊరుకోకండి. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడి ఉండొచ్చు. అప్పుడు సోంపు మరగబెట్టే టైమ్ కూడా ఉండదు, నేరుగా ఆసుపత్రికే.