బ్యాగు నిండాకే తెలిసే అసలు ధర

ఏళ్ల తరబడి ఒకే ఫాంటసీ ఆన్‌లైన్ ఆటకి అలవాటుపడ్డవాళ్లు కొత్త ఉచిత ఆటకి మారేటప్పుడు చాలామంది ఒకే చోట పొరబడతారు. శుక్రవారం రాత్రి డౌన్‌లోడ్ పెట్టి, శని, ఆదివారాలు ఆడి, సోమవారానికల్లా తీర్పు చెప్పేస్తారు. ఉచిత ఆటల్లో కంపెనీలు అన్నిటికన్నా శ్రద్ధగా చెక్కేది ఆ మొదటి ఇరవై గంటలనే. లెవెళ్లు చకచకా పెరుగుతాయి, కొత్త ఆయుధాలు వస్తూనే ఉంటాయి, ఎక్కి తిరగడానికి గుర్రం దొరుకుతుంది, డబ్బు మాట ఎక్కడా రాదు. అది వచ్చేది ఆటలో సామాన్లు దాచే బ్యాగులో చోటు అయిపోయినప్పుడు, ఆయుధం అప్‌గ్రేడ్ మొదటిసారి ఫెయిలైనప్పుడు. ఆటని తూకం వేయాల్సింది అక్కడే.

మన దగ్గర ఈ మార్పుకి డబ్బు చెల్లింపు కూడా ఒక కారణం. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటివి నెలవారీ చందాతో నడుస్తాయి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు నుంచి ప్రతి నెలా దానంతటదే డబ్బు కట్ కావాలంటే ముందుగా మ్యాండేట్ (కస్టమర్ ఇచ్చే ముందస్తు అనుమతి) నమోదై ఉండాలి, కట్ అయ్యే 24 గంటల ముందు కస్టమర్‌కి కబురు రావాలి. ఆ ఏర్పాటు లేని విదేశీ కంపెనీ దగ్గర చందా మధ్యలోనే ఆగిపోతుంది. యూపీఐ తీసుకునే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒక ఉచిత ఆట కనిపిస్తే మనసు అటు లాగడం సహజం.

అయితే డబ్బుకన్నా ముందు చూడాల్సింది సర్వర్ ఎక్కడుందన్నది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సరళరేఖలో సుమారు 3,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు. ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 7,100 కిలోమీటర్లు, అంటే కనీసం 71. కేబుల్ తిన్నగా పోదు, దారిలో రూటర్లు తమ వంతు ఆలస్యం కలుపుతాయి, కాబట్టి అసలు పింగ్ (మన సంకేతం సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో) దీనికి బాగా పైనే ఉంటుంది. కూకట్‌పల్లిలో ఉన్నా ఎల్బీ నగర్‌లో ఉన్నా అంతే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో ఫైనల్ ఫాంటసీ 14లో స్పష్టంగా కనిపిస్తుంది. అందులో ఒక ప్రధాన స్కిల్‌కీ ఇంకోదానికీ మధ్య 2.5 సెకన్లు ఆగాలి. వార్‌క్రాఫ్ట్ 1.5 సెకన్లకి అలవాటుపడ్డ వేళ్లకి ఇది నత్తనడకగా తోస్తుంది. కానీ ఆ ఖాళీలో రెండు చిన్న స్కిల్స్ ఇరికించడంలోనే పనితనం ఉంది. ఒక్కో స్కిల్‌కి దాదాపు 0.6 సెకన్ల యానిమేషన్ లాక్ (అంతసేపు ఇంకో స్కిల్ నొక్కలేం), దానిమీద పింగ్. పింగ్ 50 అయితే మూడు స్కిల్స్‌కీ కలిపి 1.95 సెకన్లు, ఇంకా చోటు మిగులుతుంది. పింగ్ 250 అయితే 2.55 సెకన్లు, తర్వాతి ప్రధాన స్కిల్ ప్రతిసారీ వెనక్కి జరుగుతుంది. పది నిమిషాల బాస్ ఫైట్‌లో ఈ నష్టం పేరుకుంటుంది, ఆడేవాళ్లు మాత్రం తమకి చేతకాలేదనుకుంటారు.

ఆటని నిందించే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కమాండ్‌తో ముందు మీ రూటర్‌కే వంద ప్యాకెట్లు పంపండి. రాత్రి 9, 11 గంటల మధ్య చేస్తేనే ఉపయోగం. సగటు పక్కన పెట్టి గరిష్ఠం చూడండి. పక్క గదిలో ఉన్న రూటర్‌కే ఉండుండి 50 మిల్లీసెకన్లు పడుతుంటే తప్పు మీ వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే ఉంటాయి. ఫ్లోరుకి ఆరేడు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో అవి చాలవు. లాన్ కేబుల్ వేస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

వేళలూ అంతే ముఖ్యం. చలికాలంలో జర్మనీ రాత్రి 8 గంటల రెయిడ్ (గుంపుగా కలిసి చేసే పెద్ద పోరు) మనకి అర్ధరాత్రి దాటి 12:30. న్యూయార్క్ రాత్రి 8 అయితే తెల్లారి 6:30. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి రెండోది కుదరొచ్చు, మిగతావాళ్లకి కష్టం.

ఇక అసలు విషయం. ఉచిత ఆట బతకాలంటే ఏదో ఒకటి అమ్మాలి. ఏం అమ్ముతోందన్నదే నాకు ముఖ్యం. 2012లో వచ్చి 2015లో అసలు ఆటని ఉచితం చేసిన గిల్డ్ వార్స్ 2 ప్రధానంగా అందం, సౌకర్యం అమ్ముతుంది. ఉచిత ఖాతాకి రెండే క్యారెక్టర్ స్లాట్లు, మార్కెట్‌లో ఆంక్షలు. కానీ గరిష్ఠ లెవెల్ మొదటినుంచీ 80 దగ్గరే ఉంది, కష్టపడి సంపాదించిన గేర్ (ఆయుధాలు, కవచాలు) ఏడాది తిరిగేసరికి చెత్త అయిపోదు. సర్వర్లు అమెరికా, యూరప్‌లలోనే ఉండటం ఒక్కటే మనకి లోటు. ఆల్బియన్ ఆన్‌లైన్ 2019లో ఉచితమైంది, 2023లో ఆసియా సర్వర్ పెట్టింది, ఫోన్‌లోనూ ఆడొచ్చు. ప్రీమియం (డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం) లేకపోతే మార్కెట్‌లో అమ్మకం పన్ను రెట్టింపు. అయితే ఆ ప్రీమియాన్ని ఆటలో సంపాదించిన వెండితోనే కొనుక్కోవచ్చు. రెడ్, బ్లాక్ జోన్లనే ప్రమాదకర ప్రాంతాల్లో వేరే ఆటగాళ్ల చేతిలో చస్తే ఒంటిమీదున్నదంతా పోతుంది. పోయినా బాధపడని సరుకుతోనే అక్కడికి వెళ్లాలి.

ఫైనల్ ఫాంటసీ 14 ఫ్రీ ట్రయల్ వీటన్నిటిలో నిజాయితీగా ఉన్న శాంపిల్ అని నా అభిప్రాయం. లెవెల్ 70 దాకా, రెండు విస్తరణలతో సహా, గడువు లేదు. 3 లక్షల గిల్‌కి (ఆటలోని డబ్బు) మించి దాచలేరు, ఆటగాళ్లు కొనీ అమ్మే మార్కెట్ బోర్డు ముట్టుకోలేరు, సొంతంగా పార్టీ (జట్టు) పెట్టలేరు. ఒక జాగ్రత్త: ఒకసారి పూర్తి ఆట కొన్న ఖాతా మళ్లీ ట్రయల్‌కి రాదు. డిస్కౌంట్ చూసి తొందరపడితే 70 దాకా ఉచితంగా ఆడగలిగినదానికీ చందా కట్టుకోవాల్సి వస్తుంది.

ప్రమాదమంతా బలాన్ని అమ్మే ఆటల్లో ఉంది. అక్కడ ఆయుధం అప్‌గ్రేడ్ లాటరీలా నడుస్తుంది. గెలిచే అవకాశం 10 శాతం అని రాసి ఉంటే పదిసార్లకి వచ్చేస్తుందని జనం లెక్క వేసుకుంటారు. పదికి పదీ ఫెయిలయ్యే అవకాశం 35 శాతం, అంటే ముగ్గురిలో ఒకరికి. ఇరవైసార్లూ ఫెయిలయ్యే అవకాశం 12 శాతం. ఫెయిలైతే ఏం పోతుందన్నది ముందే చదవాలి: సామగ్రి మాత్రమేనా, లెవెల్ తగ్గుతుందా, ఆయుధమే విరిగిపోతుందా? లాస్ట్ ఆర్క్‌లో ప్రతి వైఫల్యం ఒక మీటర్‌ని కొంచెం కొంచెంగా నింపుతుంది, అది 100కి చేరితే విజయం ఖాయం. అలాంటి పైకప్పు ఉన్న ఆటలో అత్యధిక ఖర్చు ఎంతో కాగితం మీద వేసుకోవచ్చు. లేని ఆటలో ఆ లెక్కకి అంతే లేదు.

రాసిన శాతాన్నయినా గుడ్డిగా నమ్మలేం. మేపుల్‌స్టోరీలో వస్తువుల అవకాశాలని ఆటగాళ్లకి చెప్పకుండా మార్చినందుకు 2024 జనవరిలో దక్షిణ కొరియా నియంత్రణ సంస్థ నెక్సాన్‌కి దాదాపు 1,160 కోట్ల వాన్ జరిమానా వేసింది. ఆ మార్చి నుంచి అక్కడ శాతాలు వెల్లడించడం చట్టప్రకారం తప్పనిసరి. మన 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గురిపెట్టింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద. అందుకే ఈ లెక్కలు ఆటగాడే చూసుకోవాలి.

ఆటలో నాణేల్లా వాడే వజ్రాలని అసలు డబ్బుకి అమ్మే దుకాణంలోనూ అంతే. ఉదాహరణకి 1,000 వజ్రాల ప్యాక్ రూ. 799, మీకు కావాల్సిన బ్యాగు స్లాట్ 1,200 వజ్రాలు అనుకుందాం. లెక్కప్రకారం దాని ధర రూ. 959. చేతినుంచి పోయేది రూ. 1,598, మిగిలిన 800 వజ్రాలు ఇంకేదైనా కొనమని పిలుస్తూ కూర్చుంటాయి. వజ్రాల అంకెని ఎప్పుడూ ప్యాకుల్లోకి, ప్యాకుల్ని రూపాయల్లోకి మార్చి చూడాలి.

పాత గిల్డ్ (ఆటలోని బృందం) మిత్రులు నలుగురూ కలిసి మారుతుంటే క్యారెక్టర్ చేసే ముందే ఏ రీజియన్, ఏ సర్వర్ అన్నది తేల్చుకోండి. వేర్వేరు రీజియన్లలో ఉంటే చాలా ఆటల్లో పార్టీయే కట్టలేరు. పాత ఆటని వదిలే పద్ధతి కూడా ఉంది. ఖాతా అమ్మకండి, ఆథెంటికేటర్ (లాగిన్‌కి అదనపు కోడ్ ఇచ్చే రక్షణ) తీసేయకండి. గిల్డ్ మాస్టర్ మీరే అయితే ఆ హోదా, గిల్డ్ బ్యాంక్ (ఉమ్మడి ఖజానా) హక్కులు ఆటలోనే ఉండిపోయేవాళ్లకి అప్పగించండి. ఒకవేళ వదిలేది ఫైనల్ ఫాంటసీ 14నే అయి, అందులో ఇల్లుంటే, 45 రోజులు గడప తొక్కకపోతే ఆట దాన్ని కూల్చేస్తుంది. సామాన్లు ముందే తీసి దాచుకోండి.