మెదడుకు శాలువా

దేశంలో నాడీశాస్త్రం, అంటే మెదడును పరిశీలించే న్యూరోసైన్స్, ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి పరిశోధన పత్రాలు చదవనక్కరలేదు. వాటిని చదవడం పరిశోధకులకే కష్టం. జాతీయ సదస్సు ముగింపు సభకు వెళ్లి, వేదిక పక్కన బల్ల మీద పేర్చిన జ్ఞాపికలను చూస్తే చాలు. బల్ల నిండితే శాస్త్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. పక్క గదిలోంచి రెండో బల్ల తెప్పించవలసి వస్తే ప్రపంచ స్థాయికి చేరినట్టు.

ఈ జ్ఞాపికల వ్యవస్థను చులకనగా చూసేవారు కొందరున్నారు. సాధారణంగా వారికి జ్ఞాపిక వచ్చి ఉండదు. నిజానికి దీని వెనుక గొప్ప ప్రణాళిక ఉంది. పరిశోధకుడు ఉత్తమ పోస్టరు బహుమతితో కళ్లు తెరుస్తాడు, మౌఖిక ప్రసంగ బహుమతితో నడక నేర్చుకుంటాడు, యువ శాస్త్రవేత్త పురస్కారంతో ఒక ఇంటివాడవుతాడు, జీవన సాఫల్య పురస్కారంతో ఇక వెళ్లి రమ్మనిపించుకుంటాడు. ఆ తర్వాత కూడా ఆయనకు విశ్రాంతి లేదు. కుటుంబసభ్యులు ఆయన పేరిట కొంత సొమ్ము డిపాజిట్ చేస్తే, దాని వడ్డీతో ఏటా మరొకరి చేత స్మారకోపన్యాసం ఇప్పిస్తారు. వడ్డీ రేటు తగ్గేకొద్దీ నగదు చిక్కి, శాలువా పలచబడుతుంది గానీ ఆహ్వానపత్రికలో పేరు మాత్రం చెక్కుచెదరదు.

పోస్టరు పోటీ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఉన్న కాస్త శాస్త్రమూ జరిగేది అక్కడే. పరిశోధన సారాంశాన్ని అచ్చువేసిన పోస్టర్లను భోజనశాలకు వెళ్లే నడవాలో తగిలిస్తారు. దీనివల్ల ప్రతి ప్రతినిధికీ వాటి ముందు నడవక తప్పదు, నిలబడడం మాత్రం తప్పుతుంది. ఎలుక మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్‌ను పొరలు పొరలుగా కోసి, రంగులద్ది, కణాలు లెక్కపెట్టిన విద్యార్థిని తన నాలుగేళ్ల కష్టాన్ని మూడు నిమిషాల్లో అప్పజెప్పడానికి సిద్ధంగా ఉంటుంది. న్యాయనిర్ణేత వస్తారు. ఆయన చేతిలో మార్కుల కాగితం, ముక్కుకు బిరియానీ వాసన. మొదటి ప్రశ్న: "మీ గైడు ఎవరమ్మా?"

ఈ ప్రశ్నను అపార్థం చేసుకోకూడదు. జీవి తానెక్కడ ఉన్నదీ గుర్తించడానికి హిప్పోక్యాంపస్‌లో స్థల కణాలు ఉంటాయని జాన్ ఓకీఫ్ 1971లో చూపించారు, 2014లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నారు. మన న్యాయనిర్ణేత వాడుతున్నదీ ఆ కణాలనే. ఈ పోస్టరు ఏ ప్రయోగశాలది, దాని అధిపతి ఏ కమిటీలో ఉన్నారు, ఆ కమిటీ ముందున్న దస్త్రాల్లో తన ప్రాజెక్టు పైనుంచి ఎన్నోది. దారి తెలిశాక మార్కులు వాటంతట అవే పడతాయి.

బహుమతుల విషయంలో మనం పాశ్చాత్యుల కంటే ఎంతో మర్యాదస్తులమని కూడా ఇక్కడే నమోదు చేయాలి. 1906లో వైద్య నోబెల్‌ను కమిల్లో గోల్గీకి, రమోన్ కహాల్‌కు కలిపి ఇచ్చారు. గోల్గీ కనిపెట్టిన రంగు పద్ధతినే వాడి, నాడీకణాలు దేనికది విడిగా ఉంటాయని కహాల్ తేల్చారు. గోల్గీకి మాత్రం అదంతా ఒకే అల్లిక. తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేను రెండంటానన్నట్టు, ఆయన తన నోబెల్ ఉపన్యాసంలోనే సహవిజేత సిద్ధాంతాన్ని ఏకి పెట్టారు. మన సదస్సుల్లో ఇలాంటి అనాగరికత కనిపించదు. సహవిజేత ఏం చెప్పారో విన్నప్పుడు కదా ఖండించడం.

ఇక అసలు సంగతి. బహుమతి అందినప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది నాడీశాస్త్రం క్షుణ్ణంగా పరిశీలించిన విషయాల్లో ఒకటి. వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతుల నోట్లో పండ్ల రసం చుక్కలు వేస్తూ, వాటి మెదడులో బహుమతుల లెక్క చూసే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించారు. అనుకోకుండా చుక్క పడితే కణాలు చెలరేగాయి. ముందు దీపం వెలిగి తర్వాత రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, ఆ సందడంతా దీపం దగ్గరే అయిపోయింది. రసం పడినప్పుడు ఉలుకూ పలుకూ లేదు. దీపం వెలిగి రసం రాకపోతే మాత్రం, సరిగ్గా అది రావలసిన క్షణాన కణాల చురుకుదనం మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. ఈ లెక్కను తేల్చినందుకు షుల్జ్, పీటర్ డాయన్, రే డోలన్‌లకు 2017లో పది లక్షల యూరోల బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

దీన్ని మన ముగింపు సభకు అన్వయించి చూడండి. విజేతకు కమిటీ సభ్యుడొకరు పది రోజుల ముందే ఫోను చేసి "ఎవరికీ చెప్పకండి" అన్నారు. దీపం అప్పుడే వెలిగింది. వేదిక మీద శాలువా కప్పేటప్పటికి ఆయన డోపమైన్ కణాలు నిద్రపోతుంటాయి. ఫొటోలో కనిపించే చిరునవ్వు కేవలం ముఖ కండరాల పని. హాలులో మిగిలిన వారి సంగతి వేరు. తమ పేరు వస్తుందని ఇంటి దగ్గర చెప్పి వచ్చినవారు, మరొకరి పేరు వినిపించిన క్షణాన ఒక్కసారిగా దిగజారిపోతారు. మొత్తం మీద లెక్కగడితే బహుమతి ప్రదానం వల్ల హాలులో డోపమైన్ తగ్గుతుందే గాని పెరగదు. ఎలుక మీద చిన్న ప్రయోగం చేయాలన్నా జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. రుసుము కట్టి వచ్చిన ప్రతినిధుల మీద ఏటా ఈ ప్రయోగం చేయడానికి ఏ అనుమతీ అక్కరలేదు. (దిగజారినవారిని ఆదుకోవడానికి ఈమెయిలు పురస్కారాలు ఉన్నాయనుకోండి. డబ్బు కడితే చాలు, ఉత్తమ పరిశోధకుడన్న ప్రశంసాపత్రం ఇంటికే వస్తుంది. నామినేషను కూడా వారే రాసిపెడతారు.)

బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మరో పరీక్ష చేశారు. బొమ్మ గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. చెప్పకుండా అదే పత్రం ఇచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. ఈ లెక్కన పురస్కారాలు బాగా వచ్చిన కొందరు పెద్దలు ప్రయోగశాల ముఖం చూడడం ఎందుకు మానేశారో అర్థమవుతుంది. తప్పు వారిది కాదు, రిబ్బనుది.

కేంద్ర ప్రభుత్వం ఈ పరిశోధనను చదివినట్టే ఉంది. శాస్త్ర విభాగాలు ఇస్తున్న పురస్కారాల్లో చాలావాటిని ఎత్తివేయాలని 2022లో నిర్ణయించి, మరుసటి ఏడాది రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలను ప్రకటించింది. శాస్త్రవేత్తలకు ఇచ్చే భట్నాగర్ బహుమతితో లోగడ 5 లక్షల రూపాయలు వచ్చేవి. కొత్తవాటికి సనదు, పతకం ఉన్నాయి, నగదు లేదు. యువ విభాగంలో 45 ఏళ్ల దాకా అర్హులే. మెదడు ముందు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతుందని నాడీశాస్త్రం చెబుతుంది. ప్రభుత్వం ఉదారంగా మరో ఇరవై ఏళ్లు గడువిచ్చింది.

అయితే షుల్జ్ సిద్ధాంతాన్ని పూర్తిగా ఆచరణలో పెట్టింది పురస్కారాల్లో కాదు, ఫెలోషిప్పుల్లో. 2023లో పరిశోధక విద్యార్థులకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను నెలకు 31,000 రూపాయల నుంచి 37,000 రూపాయలకు పెంచారు. ఏ నెల సొమ్ము ఏ నెలలో ఖాతాలో పడుతుందన్నది చాలా చోట్ల ఇంకా పరిశోధనాంశమే. బహుమతి వచ్చేదీ రానిదీ సగం సగంగా ఉన్నప్పుడే ఎదురుచూపులో డోపమైన్ కణాలు అత్యంత చురుగ్గా ఉంటాయని షుల్జ్ బృందం 2003లో తేల్చింది. అద్దె కట్టవలసిన రోజున బ్యాంకు సందేశం కోసం ఫోను చూసుకునే పరిశోధక విద్యార్థి మెదడు ఎంత ఉజ్జ్వలంగా వెలుగుతుంటుందో ఊహించుకోండి. ఫెలోషిప్పు ఒకటో తేదీనే పడాలని కోరేవారు సొంత శాస్త్రాన్నే చదవలేదన్నమాట.

అందుచేత నా ప్రతిపాదన ఒక్కటే. సదస్సులో బహుమతులన్నీ ఆకస్మికంగా ఇవ్వాలి. ఏ కమిటీకీ తెలియకుండా, భోజనాల వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడిన మనిషి భుజాన హఠాత్తుగా శాలువా కప్పాలి. ఆచరణలో కొన్ని చిక్కులున్నాయి, కాదనను. ముందస్తు ఎంపిక లేఖ లేకపోతే సంస్థ ప్రయాణ భత్యం మంజూరు చేయదు. పేరు తెలియకపోతే జ్ఞాపిక మీద చెక్కించడం కుదరదు. ఆడిటువారు అడిగితే చూపించడానికి దస్త్రం ఉండాలి. వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుంటే వచ్చే ఏటి ప్రకటన బహుశా ఇలా ఉంటుంది: ఆకస్మిక పురస్కారానికి ఆశ్చర్యపోదలచినవారు గైడు సంతకంతో, సంస్థ అధిపతి ద్వారా, మూడు ప్రతులలో గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. ఇదివరకే ఒకసారి ఆశ్చర్యపోయినవారు అనర్హులు.