మనవల మీద ప్రేమ ఎప్పుడు పొంగుతుందంటే

అమెరికా రాజకీయ నాయకులకు మనవలంటే పంచప్రాణాలు. ఈ సంగతి ఆ మనవలకు తెలుసో లేదో నేను చెప్పలేను. మైకు ముందు నిలబడిన నాయకుడి గొంతు గద్గదం కావడం మాత్రం చూస్తూనే ఉంటాం. "ఈ అప్పంతా రేపు మన మనవల నెత్తిన పడుతుంది" అంటాడు. కాస్త ఆగుతాడు. కళ్లజోడు సర్దుకుంటాడు. ఎదుటి పార్టీ వాళ్ల బెంచీల వైపు ఒక చూపు చూస్తాడు. ఇంకా పుట్టని పిల్లల మీద ఇంత మమకారం ఏ తాతలోనూ నేను చూడలేదు.

ఏళ్ల తరబడి ఈ మనవల ముచ్చట విని విని నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ ప్రేమ ఏడాది పొడవునా ఉండదు. ఎన్నికల్లో ఓడిన రాత్రి పుడుతుంది. గెలిచి ప్రమాణ స్వీకారానికి కోటు తొడుక్కునే వేళకి చల్లారిపోతుంది. మళ్లీ ఓడేదాకా ఆ మనవలు ఏ తరగతి చదువుతున్నారో కూడా గుర్తుండదు.

అమెరికా ప్రభుత్వం ఎంతదాకా అప్పు చెయ్యొచ్చో చట్టం ఒక గీత గీస్తుంది, అదే అప్పు పరిమితి. 2006లో దాన్ని పెంచే బిల్లు సెనేట్‌కి, అంటే పైసభకి వచ్చింది. అప్పుడు అధ్యక్షుడు బుష్. కొత్తగా వచ్చిన సెనేటర్ బరాక్ ఒబామా, ఈ పరిమితి పెంచాల్సి రావడమే నాయకత్వ వైఫల్యానికి గుర్తు అని చెప్పి వ్యతిరేకంగా ఓటేశారు. 2011 వచ్చేసరికి అధ్యక్షుడు ఆయనే, పరిమితి పెంచండి బాబూ అని బతిమాలాల్సిన వాడూ ఆయనే. అప్పుడు గాని ఆ పాత ఓటు పొరపాటని ఆయనకి తట్టలేదు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాల్సిందే, చాలామంది ఆ మాత్రం కూడా చెయ్యరు.

రిపబ్లికన్ల హృదయం ఇంకా విశాలం. 2011లో, 2013లో, 2023లో దేశాన్ని అప్పు ఎగ్గొట్టే అంచుదాకా తీసుకెళ్లి నిలబెట్టారు. మూడుసార్లూ వైట్‌హౌస్‌లో ఉన్నది డెమోక్రాటే. అంతా మనవల కోసమే. ఆ పెనుగులాట చూసి అప్పు తీర్చే సత్తాకి మార్కులేసే సంస్థలు, 2011లో ఎస్ అండ్ పీ, 2023లో ఫిచ్, అమెరికా రేటింగ్‌ని ఒక మెట్టు దించాయి. మరి ట్రంప్ మొదటి నాలుగేళ్లలో? 2017, 2018, 2019 సంవత్సరాల్లో పరిమితిని ఎత్తి పక్కన పెట్టారు. ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. పాపం బుష్ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఒక్కడే దాపరికం లేని మనిషి. బడ్జెట్‌లో లోటు, అంటే రాబడిని మించిన ఖర్చు, పెద్ద విషయం కాదని 1980లలో అధ్యక్షుడిగా ఉన్న రీగన్ ఎప్పుడో నిరూపించాడు కదా అని ఆయన అన్నట్టు, ఆ మాట విన్న ఆర్థికమంత్రి పాల్ ఓనీల్ పదవి పోయాక బయటపెట్టారు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైంది న్యూయార్క్‌లోని ఒక బోర్డు. సేమర్ డర్స్ట్ అనే భవనాల వ్యాపారి 1989లో టైమ్స్ స్క్వేర్ దగ్గర దాన్ని పెట్టించాడు. దేశం అప్పు ఎంత, అందులో ఒక్కో కుటుంబం వాటా ఎంత అన్నది దీపాల అంకెల్లో గిర్రున తిరుగుతూ ఉంటుంది. పెట్టిన రోజుల్లో అప్పు 2.7 ట్రిలియన్ డాలర్లు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. నడిచిపోయేవాళ్లు తలెత్తి చూసి సిగ్గుపడాలని ఆయన ఉద్దేశం. జనం తలెత్తి చూశారు, ఫొటో తీసుకున్నారు, పోయారు.

1998 నుంచి అమెరికా బడ్జెట్‌లో మిగులు మొదలైంది. అప్పు తగ్గడం మొదలయ్యేసరికి బోర్డుకి కొత్త కష్టం వచ్చింది. అది వెనక్కి తిరిగేలా చేసింది కాదు! అప్పు తగ్గే రోజు కూడా ఒకటి వస్తుందన్న ఊహ దాన్ని తయారుచేసినవాళ్లకి రాలేదు. వాళ్లని తప్పు పట్టలేం, అంతకుముందు చరిత్ర చూసినవాడికి ఎవడికి వస్తుంది? 2000 సెప్టెంబర్‌లో దాన్ని ఆపేసి, మీద ఎరుపు, తెలుపు, నీలం రంగుల గుడ్డ కప్పారు. దేశం అప్పు తీరుస్తోంది, ఆ సంగతి చూపించే బోర్డుకి మాత్రం ముసుగేశారు. ఆ తర్వాత పన్నుల కోత వచ్చింది, అఫ్ఘానిస్థాన్ యుద్ధం వచ్చింది. 2002 జులైలో ముసుగు తీశారు. బోర్డు తనకి తెలిసిన పని మళ్లీ హాయిగా మొదలుపెట్టింది.

అసలు ఘట్టం 2008లో. అప్పు 10 ట్రిలియన్ దాటింది. బోర్డులో ఇంకో అంకెకి గడి లేదు. ఇప్పుడేం చెయ్యాలి? అప్పు తగ్గించుకోవడం అన్న ఆలోచన ఎలాగూ ఎవరికీ రాదు. గడి కావాలి. ఎడమ చివర డాలర్ గుర్తు వెలుగుతున్న గడి ఒకటుంది. దాన్నే ఖాళీ చేయించి, ఆ చోట్లో "1" వెలిగించారు. ఆ స్విచ్చు నొక్కిన మనిషి ఎవరో నాకు తెలియదు గానీ, అమెరికా ఆర్థిక చరిత్రలో ఇంత నిజాయితీ గల పని ఇంకొకటి జరగలేదని నా గట్టి నమ్మకం. అప్పుకి చోటు చాలక డాలర్‌ని పంపించేశారు. వెయ్యి పేజీల ఆర్థిక సర్వే చెప్పలేనిది ఒక్క బల్బుల గడి చెప్పింది.

డాలర్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చూద్దాం. 1995లో రాబర్ట్ రూబిన్ ఆర్థికమంత్రి అయినప్పటి నుంచి "బలమైన డాలరే మా విధానం" అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి నిత్య పారాయణం. డాలర్ పెరిగినా అదే మాట, పడినా అదే మాట. ఇదే దేశం 1985లో ప్లాజా హోటల్లో మరో నాలుగు దేశాలని కూర్చోబెట్టి, మా డాలర్ మరీ బలిసిపోయింది, కాస్త దించడానికి చెయ్యి వేయండి అని ఒప్పందం రాయించుకుంది. ఎందుకంటే బలమైన డాలర్‌తో బయటి సరుకు చవక, సొంత సరుకు బయటివాడికి ఖరీదు. ఫ్యాక్టరీలు మూతపడితే బలం ఎవరికి కావాలి? పైగా అప్పుడు డాలర్ అంత పెరిగింది లోటు లేక కాదు. రీగన్ లోటు ఒకవైపు పొంగుతుంటే, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీరేట్లు ఆకాశంలో ఉన్నాయి, ప్రపంచం డబ్బంతా అటే పరిగెత్తింది. కాబట్టి "లోటు పెరిగింది, ఇక డాలర్ పని అయిపోయింది" అని అరిచేవాడూ, "డాలర్ బాగుంది కదా, లోటుకేం" అని మీసం దువ్వేవాడూ సగం పుస్తకం చదివి పరీక్షకొచ్చినవాళ్లే. 2025 మొదటి ఆరు నెలల్లో డాలర్ సూచీ, అంటే మిగతా పెద్ద కరెన్సీలతో పోల్చిన డాలర్ విలువ, 10 శాతానికి పైగా పడింది. 1973 తర్వాత ఏ ఏడాదీ మొదటి ఆరు నెలల్లో ఇంత పడలేదు. ఆర్థికమంత్రి పారాయణం ఆపలేదు. అధ్యక్షుడు ట్రంప్ మాత్రం నాకు బలమైన డాలరే ఇష్టం గానీ డబ్బులొచ్చేది బలహీనమైన డాలర్‌తోనే అని తేల్చేశారు. ఇద్దరిదీ ఒకే ప్రభుత్వం.

అదే ఏడాది లెక్కలశాస్త్రానికి కూడా గొప్ప మేలు జరిగింది. 2017 నాటి పన్ను రాయితీలు గడువు తీరిపోతున్నాయి, పొడిగించాలి. పదేళ్లలో ఖర్చు 3.8 ట్రిలియన్ డాలర్లు. సెనేట్ పెద్దలు కూర్చుని ఆలోచించి, ఇవి ఇప్పటికే అమల్లో ఉన్నాయి కాబట్టి పొడిగిస్తే కొత్తగా అయ్యే ఖర్చు సున్నా అని తీర్మానించారు. సున్నా! నెల జీతగాడు ఎవడైనా బ్యాంకుకి వెళ్లి, పోయినేడాది కూడా ఈ అప్పు ఉంది కాబట్టి ఈ ఏడాదిది లెక్కలోకి రాదు అని చెప్పి చూడమనండి. కాకి లెక్కలు అంటే కాకులు నొచ్చుకుంటాయి. ఆ రాయితీలు పొడిగించిన బిల్లు మొత్తం మీద పదేళ్లలో లోటు 3.4 ట్రిలియన్లు పెరుగుతుందని కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) సొంత బడ్జెట్ కార్యాలయమే చెప్పింది. అప్పు పరిమితిని అందులోనే ఇంకో 5 ట్రిలియన్లు పెంచుకున్నారు. ఓటేసినవాళ్లలో, రెండేళ్ల కిందట మనవల కోసం గొంతు పూడుకుపోయినవాళ్లు బోలెడుమంది.

ఇక సైన్యం. ఇక్కడ రెండు పార్టీల మనవలూ ఒకేసారి మాయమవుతారు. ఖర్చు అన్న మాట పప్పు బియ్యానికీ, బడికీ, మందుబిళ్లకీ వాడతారు. ట్యాంకు ఖర్చు కాదు, అది ట్యాంకు.

2012లో అమెరికా సైన్యాధిపతి జనరల్ రే ఒడియర్నో కాంగ్రెస్ ముందుకొచ్చి, అయ్యా మాకు ఇంక కొత్త ట్యాంకులు వద్దు, ఉన్నవి చాలు, ఆ డబ్బు వేరేదానికి వాడుకుంటాం అన్నారు. సైన్యం వద్దనడం! చరిత్రలో ఏ సేనాపతీ అనని మాట. లోటు గురించి పగలూ రాత్రీ బెంగపడే సభ ఇది విని ఎగిరి గంతెయ్యాలి కదా? 173 మంది సభ్యులు, రెండు పార్టీల వాళ్లూ, సంతకాలు చేసి రక్షణమంత్రికి ఉత్తరం రాశారు: లేదు, ట్యాంకులు ఆపడానికి వీల్లేదు. ఫ్యాక్టరీ ఒహాయోలో ఉంది. ఒహాయోలో ఓట్లున్నాయి. విందులో కడుపు నిండినవాడు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి చాలు చాలు అంటుంటే, వేళ్ల సందుల్లోంచి వడ్డించడం చూశారా? అలా వడ్డించారు. మిలిటరీని గౌరవించాలి, జనరల్ మాట శిరోధార్యం అని రోజూ చెప్పేది కూడా వీళ్లే. శిరోధార్యం అంటే ఏదైనా కావాలి అన్నప్పుడు మాత్రమేనట.

సబ్బు డబ్బా సంగతి విన్నారా? సీ-17 రవాణా విమానం మరుగుదొడ్డిలో చేతులు కడుక్కునే సబ్బునీళ్లు పెట్టుకునే డబ్బాకి, బజారులో అలాంటిదానికి అయ్యే ధర కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ చెల్లించారని పెంటగాన్ (అమెరికా రక్షణశాఖ) తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024లో నివేదిక ఇచ్చారు. 1980లలో 640 డాలర్ల టాయిలెట్ సీటు బయటపడినప్పుడు దేశం నవ్వింది. నలభై ఏళ్లలో ఆ గదిలోనే సీటు దగ్గరనుంచి సబ్బు దగ్గరికి వచ్చాం.

పెంటగాన్‌కి మొదటిసారి పూర్తి ఆడిట్ జరిగింది 2018లో. ఫెయిల్. ఆ తర్వాత ప్రతి ఏడూ జరిగింది. 2024 దాకా ఏడుసార్లూ ఫెయిల్. ఆడిటర్లు తప్పు అని కూడా అనలేదు, అభిప్రాయం చెప్పడానికి సరిపడా ఆధారాలే లేవన్నారు. 4 ట్రిలియన్ డాలర్లకు పైగా ఆస్తులున్న సంస్థ, ఏది ఎక్కడుందో పూర్తిగా చూపించలేకపోయింది. శిక్ష ఏమిటి? మరుసటి ఏడాది బడ్జెట్ పెంపు. 2025 నాటి ఆ బిల్లులోనే రక్షణకు అదనంగా సుమారు 150 బిలియన్ డాలర్లు కలిపారు.

అదే బిల్లు, అవే కాగితాలు, కొన్ని పేజీల అవతల: ఆహార సాయం తీసుకునే పేదల్లో పనిచెయ్యగల స్థితిలో ఉన్న 64 ఏళ్ల దాకా వయసువాళ్లు, అంటే 60 దాటిన మనిషి కూడా, నెలకి 80 గంటలు పనిచేసినట్టు కాగితం చూపించాలి. ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డకి 14 నిండితే తల్లికీ అదే నిబంధన. చూపించలేకపోతే మూడేళ్లలో మూడు నెలలు మాత్రమే తిండి. ఆ సాయం ఎంతనుకున్నారు? మనిషికి రోజుకి సుమారు 6 డాలర్లు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 4 ట్రిలియన్లకి లెక్క చెప్పలేనివాడికి ఏడుసార్లు పోనీలే అన్నారు. 6 డాలర్లు తీసుకునే ముసలమ్మని ఏ వారం ఎన్ని గంటలు ఎక్కడ పనిచేశావో సంతకంతో సహా పట్రా అన్నారు. ఒక కాగితం తక్కువైతే ఆమె విస్తరి ఎత్తేస్తారు. ఇది పొదుపు కాదు. లోటు మీద బెంగ అంతకన్నా కాదు. కొట్టినా తిరిగి అరవలేనివాళ్లెవరో చూసుకుని కొట్టడం. పైగా ఆ ఆహార సాయం తీసుకునేవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఇద్దరు పిల్లలు. ఎవరి మనవలు వీళ్లు? మైకు ముందు గొంతు పూడుకుపోయేది ఈ పిల్లల కోసం కాకపోతే మరెవరి కోసం? పుట్టబోయే మనవడి అప్పు గురించి ఏడుస్తారు, పుట్టి ఆకలితో కూర్చున్న మనవడి పళ్లెం లాక్కుంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్లు మనకి తెలుసు. ఈ తాతలు నేతులు తాగి, మనవడి మూతిని అనుమానంగా వాసన చూస్తున్నారు.

2025 అక్టోబర్ 1న, ఖర్చుల బిల్లు కాంగ్రెస్‌లో గట్టెక్కక ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు. సైనికుల జీతాలకి డబ్బు దొరికింది, పరిశోధన పద్దులోంచి తీసి సర్దారు. దొరకడం మంచిదే, ఆ కుర్రాళ్లేం పాపం చేశారు. పైగా ఒక కోటీశ్వరుడు 130 మిలియన్ డాలర్లు విరాళం కూడా ఇచ్చాడు. 4.2 కోట్ల మందికి ఆహార సాయం మాత్రం నవంబర్ 1న ఆగింది. అత్యవసర నిధి ఉంది కానీ ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఒప్పుకుంటుందని కోర్టులు చెప్పాల్సి వచ్చింది.

ఆ బోర్డుకి మాత్రం షట్‌డౌన్ లేదు. చోటు మారింది, అంకెల గడులు పెరిగాయి. అదే అక్టోబర్‌లో అప్పు 38 ట్రిలియన్లు దాటింది. కింద వరసలో ఒక్కో కుటుంబం వాటా కూడా లెక్క కట్టి ఉంటుంది, ఆహార సాయం కార్డులో డబ్బు పడక చూస్తూ కూర్చున్న కుటుంబాలని కూడా కలిపి.